ఊరి పక్క కంకర క్వారీ: పగుళ్లు, దుమ్ము, బోర్లు, దగ్గు గురించి మీరు అడిగినదానికి సమాధానం

పల్నాడులోని మీ ఊరి గుట్ట మీద కంకర క్వారీ, దాని కిందనే క్రషర్ వచ్చి మూడేళ్లయిందని, ఊరి చివరి ఇళ్లు క్వారీకి దాదాపు 250 మీటర్ల దూరంలో ఉన్నాయని రాశారు. బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా ఇళ్లు అదిరి గోడలు బీటలు వారుతున్నాయని, కల్లాల్లో ఆరబోసిన మిర్చి మీద దుమ్ము పడుతోందని, రెండు బోర్లు ఎండిపోయాయని, మీ అమ్మగారికి నెలల తరబడి దగ్గు తగ్గడం లేదని కూడా చెప్పారు. ఇది నిజంగా ప్రమాదమేనా, దీన్ని ఆపించగలమా, ఎవరిని అడగాలి అన్నవి మీ ప్రశ్నలు. నేను గ్రానైట్, కంకర క్వారీలలో మైన్స్ మేనేజర్‌గా పనిచేసి, ఆ తర్వాత బ్లాస్టింగ్ ప్రకంపనలను కొలిచే పనిలో చాలాకాలం ఉన్నాను. అవతలి పక్షం, అంటే క్వారీవారు, ఊరివారి అర్జీని ఎలా చదువుతుందో, దేనికి భయపడుతుందో, దేనిని పట్టించుకోదో తెలిసినవాడిగా ఈ సమాధానం రాస్తున్నాను.

కలెక్టర్ గారికి మీ ఊరివారు ఇచ్చిన అర్జీలో ఇళ్లు కూలిపోతున్నాయని, నీళ్లు ఇంకిపోయాయని, పంటలు పోయాయని, క్యాన్సర్లు వస్తున్నాయని, కాబట్టి క్వారీని వెంటనే రద్దు చేయాలని ఒకే పేజీలో రాసి, వంద మంది సంతకాలు పెట్టారు. ఆ బాధలో అబద్ధం ఉందని నేను అనను. అయితే ఆ కాగితం గనుల శాఖకు వెళితే వారు దుమ్ము తమ పరిధి కాదంటారు, కాలుష్య నియంత్రణ మండలికి వెళితే పగుళ్లు తమ పరిధి కాదంటారు, చివరకు 'నిబంధనల ప్రకారమే నడుస్తున్నది' అని ఒక వాక్యం తిరిగి వస్తుంది. ప్రకంపన, దుమ్ము, నీరు అనే ఈ మూడింటికీ వేర్వేరు కొలతలు, వేర్వేరు పరిమితులు, వేర్వేరు అధికారులు ఉన్నారు. మూడింటినీ విడదీసి, తేదీలతో, క్వారీకి ఇచ్చిన అనుమతి పత్రంలోని షరతుల ఎదురుగా పెట్టి రాసిన అర్జీని అంత తేలిగ్గా తోసిపుచ్చలేరు.

మొదట బ్లాస్టింగ్. నేల ఎంత అదిరిందన్నది నేల కణం సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో కదిలిందో చూసి చెబుతారు; క్వారీవారి భాషలో దీన్ని పీపీవీ అంటారు. గనుల భద్రతను చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ 1997లో జారీ చేసిన 7వ నంబరు సాంకేతిక సర్క్యులర్ ప్రకారం, క్వారీ యజమానివి కాని నివాస గృహాల దగ్గర ఈ వేగం, ప్రకంపన పౌనఃపున్యం (సెకనుకు ఎన్నిసార్లు ఊగిందన్నది) 8 హెర్ట్జ్‌లోపు ఉంటే 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య ఉంటే 10, 25 దాటితే 15 మించకూడదు. మనిషి శరీరం ఒక మిల్లీమీటరు ప్రకంపనను కూడా స్పష్టంగా గుర్తిస్తుంది. అందుచేత ఇల్లు అదిరిందని మీకు తెలిసిన ప్రతిసారీ పరిమితి దాటినట్టు కాదు; పరిమితి దాటలేదని వారు చెప్పినంత మాత్రాన మీకు అదిరినట్టు అనిపించడం భ్రమ కూడా కాదు. కొలిచిన అంకె ఒక్కటే ఈ తగవును తేలుస్తుంది.

ఆ అంకె మొత్తం ఎంత పేలుడు మందు పేల్చారన్నదాని మీద కన్నా, ఒకే క్షణంలో ఎంత మందు పేలిందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. 400 కిలోల మందును డిలే డిటోనేటర్లతో మిల్లీసెకన్ల తేడాతో 25 కిలోల చొప్పున 16 విడతలుగా పేల్చితే, 250 మీటర్ల దూరంలో సాధారణంగా వాడే సూత్రం ప్రకారం రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ప్రకంపన వస్తుంది. అదే 400 కిలోలూ ఒకేసారి పేలితే, అదే దూరంలో అది సుమారు తొమ్మిది రెట్లవుతుంది. రాతి స్వభావాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి, నిష్పత్తి మాత్రం దాదాపుగా ఇలాగే ఉంటుంది. అంటే క్వారీ మూతపడకుండానే మీ ఇంటి అదురు చాలావరకు తగ్గించే మార్గం ఉంది, దానికి అయ్యే ఖర్చు కూడా పెద్దది కాదు. డిలేలు పొదుపు చేసే కాంట్రాక్టరు, అర్హత లేని బ్లాస్టరు దొరికిన చోటే ఊళ్లు అదురుతాయి.

కిటికీలు గలగలమని, సామాన్లు కదిలి, గుండె ఝల్లుమనే అనుభవంలో చాలాభాగం నేల ద్వారా కాక గాలి ద్వారా వచ్చేది. రంధ్రం పైభాగంలో మట్టి సరిగా కూరకపోయినా, పెద్ద బండల మీద తూటా పెట్టి పైన మట్టి మెత్తి పేల్చినా చెవులు పగిలే మోత వస్తుంది. ఈ రెండో పద్ధతిని ప్లాస్టర్ షూటింగ్ అంటారు. ఊరి పక్కన దీన్ని చేయడానికి సమర్థన ఏదీ లేదని నా అభిప్రాయం, ఎందుకంటే అదే పని హైడ్రాలిక్ రాక్ బ్రేకర్‌తో అవుతుంది. మోత మధ్యాహ్నం వచ్చిందా, పొద్దుపోయాక వచ్చిందా, ఒక్కటే వచ్చిందా, విడివిడిగా చాలా వచ్చాయా అన్నది రాసి పెట్టుకోండి. విడివిడిగా చిన్న చిన్న పేలుళ్లు వినబడుతుంటే అవి బండలు పగలగొట్టేవే కావచ్చు.

లోహ గనుల నియమావళి, 1961 ప్రకారం పేల్చే చోటు చుట్టూ 300 మీటర్ల వరకు ప్రమాద పరిధి. ఆ పరిధిలో ఉన్న ప్రతి మనిషీ సురక్షితమైన మాటుకు చేరిన తరువాతే పేల్చాలి. మీ ఊరి చివరి ఇళ్లు 250 మీటర్లలో ఉంటే, ఆ ఇళ్లవారికి ప్రతి బ్లాస్టింగ్‌కు ముందూ చెబుతున్నారా, సైరన్ వేస్తున్నారా, రోడ్డు మీద ఎర్రజెండాతో మనిషిని నిలబెడుతున్నారా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న. రాళ్లు ఎగిరి వచ్చి పడిన సందర్భం ఏదైనా ఉంటే దానికి పగుళ్లన్నింటికన్నా ఎక్కువ బరువు ఉంటుంది. రాయి పడిన చోటును, రాయిని ఫొటో తీసి, తేదీ, గంట రాసి, అదే రోజు పోలీసు స్టేషన్‌లోనూ డీజీఎంఎస్‌కూ రాతపూర్వకంగా ఇవ్వండి. 'ఇది చిన్న క్వారీ, గనుల చట్టం దీనికి వర్తించదు' అని కొందరు అంటారు. 1952 నాటి గనుల చట్టం కంకర, నిర్మాణపు రాయి వంటి వాటికి ఇచ్చిన మినహాయింపుకు మూడు షరతులుండేవి (2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక స్మృతి వచ్చింది): లోతు ఆరు మీటర్లు మించకూడదు, పనివారు 50 మంది దాటకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. తూటా పేలిన రోజునే ఆ మినహాయింపు పోతుంది.

పేలుడు పదార్థాలను ఎక్కడ దాస్తున్నారో కూడా ఊరికి తెలిసి ఉండాలి. 2018 ఆగస్టులో కర్నూలు జిల్లా హత్తి బెళగల్ క్వారీలోనూ, 2021 మేలో కడప జిల్లా మామిళ్లపల్లెలో జిలెటిన్ స్టిక్స్ దించుతున్నప్పుడూ జరిగిన పేలుళ్లలో పలువురు కార్మికులు చనిపోయారు. 2021 జనవరిలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర హుణసోడు క్రషర్ వద్ద జరిగిన పేలుడుకు కిలోమీటర్ల దూరంలోని ఇళ్లు సైతం అదిరాయి. లైసెన్సు ఉన్న మ్యాగజైన్‌లో, అంటే పేలుడు పదార్థాల గిడ్డంగిలో కాక షెడ్డులోనో, లారీలోనో మందు ఉంచుతున్నారని అనుమానం ఉంటే అది అన్నిటికన్నా ముందు చెప్పవలసిన విషయం.

ఇక పగుళ్లు. ఇక్కడ మీకు కొంత ఇష్టం లేని మాట చెప్పాలి. పల్నాడులో చాలా ఊళ్లు నల్లరేగడి మీద ఉన్నాయి. ఆ నేల వేసవిలో కుంచించుకుపోయి, వానకు ఉబ్బుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా సాగి, ఎండాకాలంలో వెడల్పై, వానాకాలంలో మూసుకుపోయే బీట సాధారణంగా పునాది కింది మట్టి వల్ల వచ్చినదే. ప్రకంపన వల్ల వచ్చేవి మొదట ప్లాస్టరులో సన్నని గీతల్లా కనిపిస్తాయి, లేదా పాత బీటలు ఒక్కసారిగా పొడవవుతాయి. అన్ని బీటలనూ క్వారీ ఖాతాలో వేస్తే, వారి ఇంజనీరు వచ్చి రేగడి బీటలు నాలుగు చూపించి మిగతావాటిని కూడా కొట్టిపారేస్తాడు. బీటకు అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చిన్న పట్టీ వేసి, దాని మీద తేదీ రాయండి. రోజుల తరబడి కదలకుండా ఉన్న పట్టీ ఒక బ్లాస్టింగ్ జరిగిన గంటలోనే చిట్లితే అది చాలా బలమైన సాక్ష్యం. క్వారీకి దూరంగా, అదే నేల మీద, అదే రకం గోడలతో ఉన్న ఇళ్లలో కూడా రెండు మూడు చోట్ల పట్టీలు వేయించండి. పోలిక లేకుండా ఏ కొలతా నిలబడదు. ఆ తరువాత ఊరి చివరి ఇంటి వద్ద మీటరు పెట్టి పీపీవీ కొలవాలని, ఆ రోజు మామూలుగా వాడే మందే వాడాలని, ఊరివారి సమక్షంలో కొలవాలని రాతపూర్వకంగా కోరండి. కొలిచే రోజున మందు తగ్గించి పేల్చడం ఈ వృత్తిలో తెలియని విద్య కాదు. అందుకే నెలవారీ పేలుడు పదార్థాల వాడకం రిజిస్టరును కూడా అదే అర్జీలో అడగాలి.

దుమ్ము విషయంలో అందరి వేళ్లూ క్రషర్ వైపే చూపిస్తాయి. నా అనుభవంలో చాలా చోట్ల ఊరి మీద పడే దుమ్ములో పెద్ద వాటా టిప్పర్లు తిరిగే మట్టి రోడ్డుది, టార్పాలిన్ కప్పకుండా పోయే లోడుది, క్రషర్ పక్కన గుట్టగా పోసిన డస్టుది. రోడ్డుకు రోజూ నీళ్లు చల్లించడం, ఊరి మీదుగా కాకుండా వేరే దారి వేయించడం, ఉన్న దారికి తారు వేయించడం అన్నవి త్వరగా సాధించగలిగినవి. వాటిని వేరే కాగితంలో అడగండి. క్రషర్‌కు మాత్రం పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ప్రత్యేక ప్రమాణం ఉంది: 40 మీటర్ల దూరంలో దాని వల్ల గాలిలో తేలే ధూళి ఘనపు మీటరుకు 600 మైక్రోగ్రాములు మించకూడదు. కన్వేయర్లకు మూత, నీటి జల్లు, గాలికి అడ్డుగోడ, చుట్టూ చెట్ల వరుస ఉండాలి. ఊళ్లోని గాలికి 2009 జాతీయ ప్రమాణాలు వర్తిస్తాయి. 24 గంటల సగటున పీఎం 10 (పది మైక్రాన్ల లోపు ధూళి) ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 (రెండున్నర మైక్రాన్ల లోపుది) అయితే 60. ఇది రోజు మొత్తం సగటు కాబట్టి, క్రషర్ ఆపిన రోజునో, వాన పడిన మర్నాడో కొలిస్తే అంకె అందంగానే వస్తుంది. క్రషర్ నడిచే ఎండు రోజున, గాలి ఊరి వైపు వీచేటప్పుడు కొలవాలని కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. మిర్చి సంగతికి వస్తే, కల్లంలో దుమ్ము పట్టిన కాయకు ధర తగ్గిన సందర్భంలో యార్డు చీటీలు దాచుకోండి. మాటల కన్నా ఆ చీటీలే పనికొస్తాయి.

అమ్మగారి దగ్గు గురించి జాగ్రత్తగా చెప్పాలి. ఆకుల మీద, గిన్నెల మీద కనబడే దుమ్ములో ఎక్కువ భాగం ముక్కు, గొంతు దాటి లోపలికి పోలేనంత పెద్దది. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోయేది కంటికి కనబడని నాలుగు మైక్రాన్ల లోపుది. గ్రానైట్ వంటి రాళ్లలో క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా, ఉంటుంది. ఆ సన్నని ధూళి ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. వచ్చిన మచ్చలు పోవు, క్షయ సోకే అవకాశం పెరుగుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే వృత్తిపరంగా పీల్చే స్ఫటిక సిలికాను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. అయితే ఈ ముప్పు ప్రధానంగా డ్రిల్లు పట్టేవారిది, క్రషర్ దగ్గర నిలబడేవారిది. వారు పీల్చే మోతాదుకూ ఊళ్లో ఉన్నవారు పీల్చే మోతాదుకూ చాలా తేడా ఉంటుంది. ఊళ్లో ఉన్నవారిలో సాధారణంగా చూసేది ఆస్తమా, పాత శ్వాసకోశ జబ్బులు తీవ్రం కావడం, పిల్లల్లో ఆగని దగ్గు, కళ్ల మంటలు. కాబట్టి అర్జీలో 'క్యాన్సర్లు వస్తున్నాయి' అన్న మాటను వైద్యుడి కాగితం లేకుండా రాయకండి. ఆ ఒక్క మాట తప్పని చూపించి మిగతా నిజాలన్నిటినీ పక్కన పెట్టేస్తారు.

అమ్మగారిని ఆలస్యం చేయకుండా ఛాతీ వైద్యుడికి చూపించండి. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు చేయించవలసినది క్షయ పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం. ఆ తరువాత ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీ. ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా, ఆమె గానీ ఇంట్లో మరొకరు గానీ ఎప్పుడైనా క్రషర్‌లో, పలకల పనిలో, రాళ్లు కొట్టే పనిలో ఉన్నారా అన్నది వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పాలి. ఊళ్లో క్రషర్ కూలికి వెళ్లేవారు ఉంటే వారి సంగతే నాకు ఎక్కువ దిగులు. వారికి ఎక్స్‌రేలు తీయించే బాధ్యత యజమానిది. మెడలో తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సన్నని ధూళి ఆగదు, ఎన్ 95 రకం మాస్కు కావాలి. క్వారీవారు పెట్టే ఆరోగ్య శిబిరంలో బీపీ, షుగరు చూసి మాత్రలు ఇచ్చి పంపితే దానిని శ్వాసకోశ పరీక్షగా అంగీకరించకండి. దగ్గు, ఆయాసంతో వచ్చే ప్రతి ఒక్కరూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ చీటీ తీసుకుంటే, ఏడాది తిరిగేసరికి ఊరి ఆరోగ్యం ఎటు పోతోందో ఆ రిజిస్టరే చెబుతుంది.

నీరు నిరూపించడానికి అన్నిటికన్నా కష్టమైనది. గట్టి రాతి నేలలో నీరు పైనున్న వదులు పొరలోనూ రాతి చీలికల్లోనూ ఉంటుంది. క్వారీ గొయ్యి నీటిమట్టం కిందకు దిగి, ఊరిన నీటిని మోటార్లతో తోడి బయట పోస్తుంటే చుట్టుపక్కల బావులు తగ్గడం సహజం. అదే సమయంలో పొలాల్లో కొత్త బోర్లు పడి ఉంటే వాటి వల్లనూ తగ్గుతాయి. గొయ్యిలో నీరు నిలిచి ఉందా, తోడుతున్నారా అన్నది ముందు చూడండి. ఆ ఫొటో తేదీతో సహా ఉంటే చాలా పని చేస్తుంది, ఎందుకంటే భూగర్భ జల అనుమతి లేకుండా నీటిమట్టాన్ని తాకరాదన్న షరతు అనుమతి పత్రాల్లో తరచుగా ఉంటుంది. ఊళ్లో అయిదారు బోర్లలో నీటిమట్టాన్ని ప్రతి నెలా ఒకే తేదీన తాడుతో కొలిచి రాయండి. నీటి నాణ్యత పరీక్ష చేయిస్తే నైట్రేటును తప్పక చూడమనండి. మందులోని అమ్మోనియం నైట్రేటు నీటిలో సులువుగా కరుగుతుంది, తాగునీటిలో నైట్రేటు పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఎరువుల వల్లనూ, మరుగుదొడ్ల గుంతల వల్లనూ నైట్రేటు పెరుగుతుంది కాబట్టి క్వారీకి ఎగువన ఉన్న బావిలో కూడా కొలవాలి. ఫ్లోరైడు ఎక్కువ వస్తే క్వారీని నిందించకండి. మన రాతి నేలల్లో అది ముందునుంచీ ఉన్నదే.

ప్రకంపన, దుమ్ము, నీరు అనే ఈ క్రమం కంకర క్వారీకి సరిపోతుంది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని పరిసరాల వంటి చోట్ల నీరే మొదటి ప్రశ్న. అక్కడ ఖనిజశుద్ధి తరువాతి వ్యర్థాలను కొట్టాల దగ్గరి చెరువులో నిలవ చేస్తారు, బోరు నీరు పాడై అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. తాగునీటి భారతీయ ప్రమాణంలో యురేనియం పరిమితి లీటరుకు 0.03 మిల్లీగ్రాములు. దాన్ని మామూలు నీటి పరీక్షలో చూడరు, ప్రత్యేకంగా అడగాలి.

ఇప్పుడు కాగితాలు. క్వారీకి పర్యావరణ అనుమతి (ఈసీ), కాలుష్య నియంత్రణ మండలి నడపడానికి ఇచ్చిన సమ్మతి, లీజు దస్తావేజు, మైనింగ్ ప్లాన్ ఉంటాయి. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తరువాత అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజులకు కూడా ఈసీ తప్పనిసరి అయింది. ఈసీ ప్రతులు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ వెబ్‌సైటులో వెతికితే చాలావరకు దొరుకుతాయి, లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. ఏడాదికి ఎన్ని ఘనపు మీటర్లు తీయవచ్చు, ఎంత లోతుకు పోవచ్చు, బ్లాస్టింగ్ ఏ వేళల్లో, ఎన్ని చెట్లు పెంచాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. షరతుల అమలు మీద ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి యజమాని నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలో ఉన్నట్టు చెప్పిన చెట్లను లెక్కపెట్టడానికి మీ ఊరి పిల్లలు చాలు. గనుల శాఖ ఇచ్చిన పర్మిట్ల మొత్తాన్ని ఈసీలోని పరిమాణంతో పోల్చండి. అనుమతి పరిమాణాన్ని మించి తీసిన ఖనిజం పూర్తి విలువను వసూలు చేయవలసిందేనని కామన్ కాజ్ కేసులో 2017 ఆగస్టు 2న సుప్రీంకోర్టు చెప్పింది. పగుళ్ల ఫొటోలకు కదలని యజమానులు ఈ లెక్కకు కదలడం నేను చూశాను.

ఆపించగలమా అన్నదానికి నా అంచనా ఇది. బ్లాస్టింగ్ చేసే రాతి క్వారీకి నివాసాల నుంచి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూచించిన కనీస దూరం 200 మీటర్లు. మీ దూరం 250 అయితే దూరం ఒక్కటే చూపి మూయించడం కష్టం. అయితే ఆ 250 ఎక్కడినుంచి కొలిచారో సరిచూడండి. క్రషర్ నుంచి కాక లీజు హద్దు రాయి నుంచి కొలవాలి. షరతుల ఉల్లంఘన మీద మాత్రం బ్లాస్టింగ్‌ను నియంత్రించడం, సమ్మతి నిలిపివేయించడం, పర్యావరణ పరిహారం వేయించడం సాధ్యమే.

సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీతో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఏళ్లు గడపకండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లో గడువులు కఠినంగా ఉన్నాయి: 14వ సెక్షన్ కింద వివాదానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలు, కొత్తగా ఇచ్చిన ఈసీ మీద అప్పీలుకు 30 రోజులు, 15వ సెక్షన్ కింద పరిహారం, పర్యావరణ పునరుద్ధరణ కోరడానికి అయిదేళ్లు, ప్రతిదానికీ తగిన కారణం చూపితే మరో 60 రోజులు. క్వారీ వచ్చి మూడేళ్లయింది కాబట్టి మీకు ఎక్కువ పనికొచ్చేది 15వ సెక్షన్. మన రెండు రాష్ట్రాల కేసులూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం వింటుంది. పరిహారం అడగని దరఖాస్తుకు రుసుము 1000 రూపాయలు, పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి.

ఈలోగా యజమాని గుడికి చందా ఇస్తాననో, ఊరికి బోరు వేయిస్తాననో వస్తే తీసుకోవాలా వద్దా అన్నది మీ ఊరి ఇష్టం. తీసుకునేటప్పుడు పెట్టమనే సంతకం దేని మీదో మాత్రం చదివి పెట్టండి. 'మాకు ఎటువంటి అభ్యంతరం లేదు' అన్న వాక్యం కింద మీ ఊరి సంతకాలు ఉన్న కాగితాన్ని, మరుసటి లీజు పొడిగింపు దరఖాస్తుకు జతచేస్తారు.